రేవు నుంచి రన్‌వే దాకా: రాకపోకలపై ప్రభుత్వాధికారానికి హద్దులు

2021 మే నెల మొదటి వారంలో, నాన్నగారికి కోవిడ్ వచ్చిందనీ, రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చామనీ తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. హెచ్-1బి మీద ఉన్నాను. ఐ-140 ఆమోదం వచ్చి చాలా ఏళ్ళయినా గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోయింది. సరిగ్గా అప్పుడే, గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్న విదేశీయులు అమెరికాలో అడుగు పెట్టకూడదని ప్రెసిడెంట్ బైడెన్ ఏప్రిల్ 30న జారీ చేసిన ప్రోక్లమేషన్, మే 4 నుంచి అమల్లోకి వచ్చింది.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి, అమెరికా పౌరులైన పిల్లల తల్లిదండ్రులకు ఇచ్చిన మినహాయింపు నాకు వర్తిస్తుందని కాగితం మీద ఉంది. కాని దాన్ని వాడుకోవాలంటే ముందు స్టాంపింగు కావాలి, స్టాంపింగుకు అపాయింట్‌మెంట్లు లేవు. "వెళ్ళడం మీ చేతిలో ఉంది, తిరిగి ఎప్పుడు వస్తారన్నది మాత్రం నేను చెప్పలేను" అన్నారు లాయరు గారు. ఉద్యోగం, ఇంటి లోను, భార్యాబిడ్డలు అన్నీ ఇక్కడే. నేను వెళ్ళలేదు. వారం తిరక్కుండా నాన్నగారు పోయారు. పెద్దకొడుకునై ఉండి కర్మ తమ్ముడి చేత చేయించాను. రాత్రి రెండింటికి వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూశాను. ఈ సభకు వచ్చినవారిలో ఇలాంటి కథ ఉన్నవాళ్ళు నేనొక్కణ్ణే కాదని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఆ ప్రోక్లమేషన్‌ని ఇరవైసార్లయినా చదివి ఉంటాను. ఇమిగ్రేషన్ చట్టంలోని సెక్షన్ 212(ఎఫ్) కింద ఈ అధికారం వాడుతున్నామని అందులో ఉంది. ఒక్క మనిషి సంతకంతో ఇంత పని జరగడానికి వీలు కల్పించిన ఆ సెక్షన్ ఏమిటి, దాన్ని ఎవరు రాశారు, దానికి హద్దు ఎక్కడైనా ఉందా అన్న ప్రశ్నలు అప్పుడే మొదలయ్యాయి. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇంజినీరింగు చదివి, కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. నాలుగేళ్ళ శని, ఆదివారాల్లో తీర్పులు చదివి నాకు అర్థమైనది ఇక్కడ పంచుకుంటున్నాను. ఇది ఎవరి కేసుకూ న్యాయసలహా కాదని ముందే మనవి.

ఓడ సముద్రంలో ఉండగానే

కథ 1888లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో మొదలవుతుంది. ఛే చాన్ పింగ్ అనే చైనా కార్మికుడు 1875 నుంచి ఆ ఊళ్ళో ఉన్నాడు. 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం కొత్త కార్మికుల రాకను ఆపింది. అప్పటికే ఇక్కడున్నవాళ్ళు స్వదేశం వెళ్ళి తిరిగి రావాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే అది ఆనాటి రీఎంట్రీ పర్మిట్. అతను ఆ సర్టిఫికెట్ తీసుకునే 1887 జూన్‌లో ఇంటికి వెళ్ళాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో హాంకాంగ్‌లో బెల్జిక్ అనే ఓడ ఎక్కాడు. ఓడ సముద్రంలో ఉండగా, అక్టోబరు 1న, స్కాట్ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ ఆ ఒక్క చట్టంతో చెల్లకుండా పోయాయి. వారం తర్వాత రేవు చేరిన అతన్ని దిగనివ్వలేదు. చేతిలో అదే ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉంది.

సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1889లో ఓడిపోయాడు. విదేశీయులను రానివ్వాలా వద్దా అన్నది దేశ సార్వభౌమాధికారంలో భాగమనీ, కాంగ్రెస్ ఒక నిర్ణయం తీసుకున్నాక కోర్టులు దానికి అడ్డు చెప్పవనీ జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ రాశారు. తీర్పు ఏకగ్రీవం. తర్వాత నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఇమిగ్రేషన్ కేసుల్లో ప్రభుత్వ లాయర్లు ఈ తీర్పునే తిరగేస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఛే చాన్ పింగ్‌ను ఆపింది ప్రెసిడెంట్ ఆర్డరు కాదు, కాంగ్రెస్ చేసిన చట్టం. విదేశీయుల రాకపై దేశానికి అధికారం ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ అధికారం దేశంలో ఎవరి చేతిలో ఉంది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి 1889లోనే జవాబు వచ్చింది. రెండోదాని మీద పోట్లాట ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే హద్దులు కూడా మొదలయ్యాయి. చట్టవిరుద్ధంగా ఉన్నారని తేలిన చైనీయులను విచారణ లేకుండానే కఠిన శిక్షతో జైల్లో పెట్టే పద్ధతిని 1896లో వాంగ్ వింగ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. దేశం నుంచి పంపించెయ్యవచ్చు గాని, శిక్ష వెయ్యాలంటే విచారణ జరగాలి, ఆ రక్షణ రాజ్యాంగం పౌరులకే కాదు మనుషులందరికీ ఇచ్చింది అన్నది దాని సారం. గుమ్మం బయట ఉన్నవాడికి లేని హక్కు, గుమ్మం లోపలికి వచ్చినవాడికి ఉంటుందన్న తేడా అప్పటి నుంచి స్థిరపడింది.

పండిట్ గారి వాదన

మనవాళ్ళ వంతు 1923లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వానికి అర్హుడు కాడని ఆ ఏడాది ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం శ్వేతజాతివారూ, ఆఫ్రికా సంతతివారూ మాత్రమే పౌరులు కాగలరు. సామాన్యుడి దృష్టిలో భారతీయుడు శ్వేతజాతివాడు కాడని జస్టిస్ సదర్లాండ్ తేల్చారు. థింద్ కథ మన సావనీర్లలో చాలాసార్లు వచ్చింది. ఆ తర్వాత జరిగినది అంతగా రాలేదు.

ఈ తీర్పు చూపించి ప్రభుత్వం, అంతకుముందే పౌరులైన భారతీయుల మీద వరసగా కేసులు పెట్టి పౌరసత్వాలు రద్దు చేయించడం మొదలుపెట్టింది. వైష్ణోదాస్ బగాయ్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి పౌరసత్వం పోగొట్టుకుని, ఏ దేశపు పౌరుడూ కాకుండా పోయి, 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ జాబితాలో లాస్ ఏంజెలెస్ లాయరు సఖారాం గణేశ్ పండిట్ కూడా ఉన్నారు. థింద్ తరఫున పనిచేసిన లాయరు ఆయనే.

తన కేసులో పండిట్ గారు జాతి గురించి వాదించి లాభం లేదని గ్రహించారు. వేరే దారి పట్టారు. 1914లో నాకు పౌరసత్వం ఇచ్చింది ఒక కోర్టు. అప్పుడు ప్రభుత్వానికి అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది, అప్పీలు చేసే అవకాశం కూడా ఉంది. చెయ్యలేదు. ఆ తీర్పును నమ్ముకుని నేను లాయరునయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, ఆస్తి కొనుక్కున్నాను. ఇన్నేళ్ళ తర్వాత వచ్చి అది తప్పంటే కుదరదు. ఇదీ ఆయన వాదన. ట్రయల్ కోర్టు ఒప్పుకుంది, 1926లో అప్పీల్సు కోర్టూ ఒప్పుకుంది, 1927లో ప్రభుత్వ అప్పీలును సుప్రీంకోర్టు వినడానికే నిరాకరించింది. మిగిలిన భారతీయుల మీద ఇంకా నడుస్తున్న కేసులను ప్రభుత్వం వదులుకుంది.

ఒకసారి ఇచ్చిన మాటను నమ్ముకుని మనిషి బతుకు కట్టుకున్నాక ప్రభుత్వం దాన్ని ఇష్టం వచ్చినట్టు వెనక్కి తీసుకోరాదు. ఛే చాన్ పింగ్‌కు దొరకని న్యాయం ఇదే. భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున కోటా, పౌరసత్వ హక్కు 1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టంతో వచ్చాయి. వాటిని ఇచ్చింది కోర్టు కాదు, కాంగ్రెస్.

చిత్రకారుడి పాస్‌పోర్టు

ఇంతవరకు లోపలికి వచ్చే తలుపు సంగతి. బయటికి వెళ్ళే తలుపు కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కమ్యూనిస్టుల భయం ముదిరిన రోజుల్లో, అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులకే పాస్‌పోర్టులు నిరాకరించడం మొదలుపెట్టింది. గాయకుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టు 1950లో లాక్కున్నారు.

రాక్‌వెల్ కెంట్ అనే చిత్రకారుడు 1955లో ఇంగ్లండు వెళ్ళాలనీ, హెల్సింకీలో ఒక శాంతి సమావేశానికి హాజరవ్వాలనీ పాస్‌పోర్టు అడిగాడు. మీరు ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా లేదా ప్రమాణపత్రం రాసివ్వమన్నారు. నా ప్రయాణానికీ నా రాజకీయాలకూ ఏమిటి సంబంధం అని ఆయన నిరాకరించాడు. 1958 జూన్ 16న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

జస్టిస్ డగ్లస్ రాసిన ఆ తీర్పులో రెండు మెట్లున్నాయి. ప్రయాణం చేసే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగం, కాబట్టి సరైన న్యాయప్రక్రియ లేకుండా దాన్ని తీసెయ్యరాదన్నది మొదటి మెట్టు. అంత విలువైన హక్కును అదుపు చేసే అధికారం మంత్రికి ఉందని చెప్పాలంటే, కాంగ్రెస్ ఆ మాట స్పష్టంగా చట్టంలో రాసి ఉండాలన్నది రెండో మెట్టు. పాస్‌పోర్టులు "ఇవ్వవచ్చు" అని చట్టంలో ఉన్నంత మాత్రాన, మనసులోని నమ్మకాలను బట్టి నిరాకరించే అధికారం వచ్చినట్టు కాదు. ఆ నెలలోనే రోబ్సన్‌కు కూడా పాస్‌పోర్టు తిరిగి వచ్చింది.

మా వృత్తిలో వాడే మాటల్లో చెప్పాలంటే, ప్రభుత్వ శాఖకు డిఫాల్ట్‌గా పర్మిషన్ ఉండదు. ఏ ఫైలు ముట్టుకోవాలన్నా ఎవరో స్పష్టంగా రాసివ్వాలి.

రాజమండ్రి జడ్జి గారు

మా నాన్నగారు రాజమండ్రి జిల్లా కోర్టులో గుమాస్తాగా చేరి సిరస్తాదారుగా రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన నోట తరచూ వినబడిన పేరు కోకా సుబ్బారావు గారిది. "మన ఊళ్ళో పుట్టినాయన. చీఫ్ జస్టిస్ పదవి వదులుకుని రాష్ట్రపతి ఎన్నికలకు నిలబడ్డాడు" అనేవారు. నాకు తెలిసిందల్లా అంతే. కెంట్ తీర్పు గురించి చదువుతుంటే, దాన్ని ఉదహరించిన పరదేశపు తీర్పుల్లో సుబ్బారావు గారి పేరు కనబడింది. ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేయాలనిపించింది. అప్పటికి ఆయన పోయి ఆరు నెలలు.

సుబ్బారావు గారు 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966 జూన్ 30న దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. న్యాయవిద్యార్థులు ఆయన్ను గోలక్‌నాథ్ కేసుతో గుర్తు పెట్టుకుంటారు. ప్రవాసులమైన మనం గుర్తు పెట్టుకోవలసింది మాత్రం సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు.

సాహ్నీ మోటారు విడిభాగాల వ్యాపారి. దిగుమతి, ఎగుమతి పనుల మీద తరచూ విదేశాలకు వెళ్ళేవాడు. దిగుమతి లైసెన్సు షరతులు ఉల్లంఘించాడన్న అనుమానంతో అతని మీద దర్యాప్తు జరుగుతోంది. 1966 ఆగస్టులో ఢిల్లీ పాస్‌పోర్టు అధికారి నుంచి ఉత్తరం వచ్చింది: మీకిచ్చిన సౌకర్యాన్ని ఉపసంహరించుకున్నాం, పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యండి అని. అతను నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు.

ఇప్పటి తరానికి నమ్మశక్యం కాని విషయం ఒకటి చెబుతాను. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నా, పాస్‌పోర్టు ఎవరికివ్వాలి, ఎవరికి కూడదు అని చెప్పే చట్టమే ఇండియాలో లేదు. 1920 నాటి బ్రిటిష్ చట్టం ఉంది గాని, అది దేశంలోకి వచ్చేవాళ్ళ దగ్గర పాస్‌పోర్టు ఉండాలని చెబుతుంది, అంతే. మిగతాదంతా అధికారుల విచక్షణ. ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని వచ్చామని మన సభల్లో కథలు చెప్పే పెద్దల్లో 1967కి ముందు బయలుదేరినవాళ్ళు, ఆ డాలర్లకంటే ముందు ఈ విచక్షణను దాటివచ్చారు.

ప్రభుత్వ వాదన ఇలా సాగింది. పాస్‌పోర్టు అంటే, మా మనిషి వస్తున్నాడు, కాస్త చూసుకోండి అని ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వానికి రాసే సిఫారసు ఉత్తరం. సిఫారసు రాయమని అడిగే హక్కు ఎవరికీ ఉండదు. రాయకపోతే వెళ్ళవద్దన్నట్టు కాదు.

సుబ్బారావు గారు ఈ తర్కాన్ని లోకజ్ఞానంతో విప్పారు. పాస్‌పోర్టు లేకుండా ఏ ఓడ, ఏ విమానం ఎక్కించుకుంటుంది? ఏ దేశం దిగనిస్తుంది? కాబట్టి పాస్‌పోర్టు ఇవ్వకపోవడమంటే ప్రయాణాన్ని ఆపడమే. విదేశయానం రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగం. ఆ స్వేచ్ఛను చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప తీసెయ్యరాదు. ఇక్కడ చట్టమే లేదు, ఇక పద్ధతి ఎక్కడిది? పైగా ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా ఉండే హద్దులేని విచక్షణ, సమానత్వం చెప్పే 14వ అధికరణానికి కూడా విరుద్ధం. కెంట్ కేసుతో సహా అమెరికా తీర్పులను అందులో చర్చించారు. అయిదుగురిలో ముగ్గురు ఒక పక్క. జస్టిస్ హిదయతుల్లా, జస్టిస్ బచావత్ విభేదించారు. పాస్‌పోర్టు రాజకీయ స్వభావం ఉన్న పత్రమనీ, దాన్ని హక్కుగా అడగలేరనీ వారి అభిప్రాయం.

తీర్పు వెలువడింది 1967 ఏప్రిల్ 10న. మర్నాడు సుబ్బారావు గారు పదవి వదిలేశారు. మే నెలలో ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలలో నిలబడి జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి అలా నేరుగా రాజకీయాల్లోకి దిగడం సబబు కాదని అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదని నాకూ అనిపిస్తుంది. కాని తీర్పు నిలిచింది. నెల తిరక్కుండానే ప్రభుత్వం పాస్‌పోర్టుల ఆర్డినెన్సు తెచ్చింది, జూన్ 24న పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఏ కారణాల మీద నిరాకరించవచ్చో జాబితా, కారణాలు రాసిపెట్టే బాధ్యత, అప్పీలు చేసుకునే దారి, అన్నీ ఆ చట్టంలోనే. ఇవాళ మనలో భారత పాస్‌పోర్టు ఉన్న ప్రతివారిదీ ఆ చట్టం కింద వచ్చినదే.

కారణం చెప్పాలి

చట్టం వచ్చాక పోరాటం ఇంకో మెట్టు ఎక్కింది. ఎమర్జెన్సీ ముగిసి జనతా ప్రభుత్వం వచ్చిన కొన్ని నెలలకు, 1977 జూలైలో, మేనకా గాంధీకి ఏడు రోజుల్లో పాస్‌పోర్టు అప్పగించమని ఉత్తరం వెళ్ళింది. ఎందుకని అడిగితే, ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణాలు చెప్పడం లేదని జవాబు. చట్టంలో అలా చెప్పడానికి వీలుంది కూడా.

1978 జనవరి 25న ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పుస్తకంలో ఏదో ఒక పద్ధతి రాసి ఉంటే చాలదు, ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని జస్టిస్ భగవతి రాశారు. పాస్‌పోర్టు తీసుకునేముందు గాని, కనీసం వెంటనే తర్వాత గాని ఆ మనిషి మాట వినాలి. విచిత్రమేమంటే కోర్టు ఆమె పాస్‌పోర్టును అప్పటికప్పుడు తిరిగి ఇప్పించలేదు. ఆమె వాదన విని నిర్ణయిస్తామని అటార్నీ జనరల్ ఇచ్చిన హామీతో సరిపెట్టుకుంది. చేతికి అందిన ఫలితం చిన్నది, మిగిలిన సూత్రం పెద్దది. 1967లో "ఏ చట్టం?" అని అడిగితే, 1978లో "ఆ చట్టం న్యాయంగా ఉందా?" అని అడిగారు.

212(ఎఫ్) కథ

ఇప్పుడు మళ్ళీ అమెరికాకు వద్దాం. ఆ సెక్షన్ 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోది. జాతీయ మూలాల కోటాలను కొనసాగిస్తోందని ప్రెసిడెంట్ ట్రూమన్ ఆ చట్టాన్ని వీటో చేస్తే, జూన్ నెలలో కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చింది. విదేశీయుల్లో ఏ వర్గం వారి రాకైనా దేశ ప్రయోజనాలకు హానికరమని ప్రెసిడెంట్ భావిస్తే, తనకు అవసరమనిపించినంత కాలం దాన్ని నిలిపివెయ్యవచ్చని సెక్షన్ సారాంశం. అదే జూన్ 2న, ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకున్న ట్రూమన్ ఆర్డరును సుప్రీంకోర్టు కొట్టేసింది. అందులో జస్టిస్ జాక్సన్ ఒక కొలబద్ద ఇచ్చారు. కాంగ్రెస్ ఇచ్చిన అధికారంతో ప్రెసిడెంట్ పనిచేస్తే ఆయన బలం గరిష్ఠం. కాంగ్రెస్ మౌనంగా ఉంటే సందేహాస్పదం. కాంగ్రెస్ ఇష్టానికి విరుద్ధంగా పోతే కనిష్ఠం. తర్వాత 212(ఎఫ్) మీద వచ్చిన వాదనలలో, ఇది మొదటి గదిలోదా, మూడో గదిలోదా అన్నదే తగాదా.

1965 అక్టోబరు 3న సంతకమైన చట్టం మనవాళ్ళకు తలుపు తెరిచింది. వలస వీసాలు ఇవ్వడంలో జాతి, పుట్టిన చోటు, జాతీయతలను బట్టి వివక్ష కూడదని అందులో రాశారు. దేశానికింతని పరిమితి మాత్రం ఉంచారు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవారికి దాని రుచి తెలుసు.

2017 జనవరి 27న ప్రెసిడెంట్ ట్రంప్ ఏడు దేశాలవారి రాకను ఆపుతూ ఆర్డరు ఇచ్చారు. మొదటి రోజుల్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కూడా ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కున్నారు. వారానికల్లా సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి దాన్ని నిలిపేశారు. ఈ విషయంలో కోర్టులకు పరిశీలించే అధికారమే లేదన్న ప్రభుత్వ వాదనను ఫిబ్రవరి 9న అప్పీల్సు కోర్టు ముగ్గురు జడ్జీలూ ఏకగ్రీవంగా తిరస్కరించారు. మార్చిలో రెండో ఆర్డరు, సెప్టెంబరులో మూడోది వచ్చాయి. ఆ మూడోదాన్ని 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. 212(ఎఫ్) మాటలు ప్రెసిడెంట్‌కు చాలా వెసులుబాటు ఇస్తున్నాయనీ, 1965 నాటి వివక్ష నిషేధం వీసా ఇవ్వడానికి సంబంధించినదే గాని ప్రవేశానికి కాదనీ ఛీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. ఓడినవాళ్ళు ఓడారు. కాని మొదటి ఆర్డరుకూ మూడోదానికీ ఉన్న తేడా, దేశాలవారీ సమీక్ష, మినహాయింపులు, గ్రీన్ కార్డుదారులకు రక్షణ, ఇవన్నీ కోర్టుల్లో పోరాడినవాళ్ళ పుణ్యమే.

2020 జూన్‌లో హెచ్-1బి, ఎల్-1 వంటి వీసాల మీద కొత్తగా వచ్చేవారిని ఆపుతూ ప్రోక్లమేషన్ వచ్చింది. సెప్టెంబరులో వాషింగ్టన్‌లో, గుజరాత్‌లో పుట్టిన జడ్జి అమిత్ మెహతా, ఈ అధికారం ప్రెసిడెంట్‌కు ఉన్నట్టే కనబడుతోందన్నారు. అక్టోబరు 1న కాలిఫోర్నియాలో జడ్జి జెఫ్రీ వైట్, కాంగ్రెస్ ఏర్పరచిన వీసా వ్యవస్థను ఉద్యోగాల పేరుతో ప్రెసిడెంట్ తుడిచెయ్యలేరన్నారు. ఒకే సెక్షన్‌ను ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చదివారు. రెండో తీర్పు కూడా కేసు వేసిన వ్యాపార సంఘాల సభ్యులకే పరిమితమైంది. పక్క క్యూబికల్‌లోని మనిషికి ఉపశమనం, మనకు లేదు.

ఇక నన్ను ఆపిన కోవిడ్ ప్రోక్లమేషన్ల సంగతి. 2021 అక్టోబరు 5న వాషింగ్టన్‌లో జడ్జి బోస్‌బర్గ్ ఒక తీర్పు ఇచ్చారు. ప్రవేశం ఆపే అధికారం ప్రెసిడెంట్‌కు ఉంది గాని, దాన్ని సాకుగా చూపి విదేశాంగ శాఖ వీసాల పనిని ఆపెయ్యడం కుదరదు అన్నారు. ప్రవేశం వేరు, వీసా వేరు. 2018లో ప్రభుత్వం గెలవడానికి పనికివచ్చిన తేడాయే 2021లో ప్రభుత్వం ఓడిపోవడానికి పనికివచ్చింది. ఆ తీర్పు చదివి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. అయిదు నెలలు ముందు వచ్చినా, మా నాన్నగారి విషయంలో తేడా ఉండేదని చెప్పలేను. కాని అది అడగదగిన ప్రశ్నేనని ఒక జడ్జి గారు ఒప్పుకున్నారు.

2025 సెప్టెంబరు 19 శుక్రవారం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు చెల్లించాలన్న ప్రోక్లమేషన్, ఆదివారం తెల్లవారకముందే అమలని వార్త. ఇండియాలో పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళకు వెంటనే తిరిగి రమ్మని కంపెనీల నుంచి ఈమెయిళ్ళు వచ్చాయి. విమానం ఎక్కినవాళ్ళు, తలుపులు మూసేలోపు దిగిపోయారు. శనివారానికి, ఇది కొత్త పిటిషన్లకేనని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆ వారాంతం నాకు బెల్జిక్ ఓడే గుర్తుకువచ్చింది. 137 ఏళ్ళ తర్వాత ఓడ విమానమైంది, నెలరోజుల ప్రయాణం ఇరవై గంటలైంది, ప్రయాణికుడి గుండెదడలో మార్పు లేదు. డిసెంబరులో జడ్జి బెరిల్ హోవెల్ ఆ ఫీజు విధించే అధికారం ప్రెసిడెంట్‌కు కాంగ్రెస్ ఇచ్చినదేనని తీర్పు చెప్పారు. కేసు వేసినవారు అప్పీలుకు వెళ్ళారు.

మనం ఏం నేర్చుకోవాలి

ఇదంతా చదివాక, హద్దు అనేది కొట్టి పాతిన రాయి కాదని నాకు అర్థమైంది. అది గోదావరి గట్టులాంటిది. వరద వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మట్టి వేస్తేనే నిలుస్తుంది. బయటికి వెళ్ళే తలుపు దగ్గర, సొంత పౌరుడి విషయంలో, ఆ గట్టు రెండు దేశాల్లోనూ గట్టిగానే ఉంది. లోపలికి వచ్చే తలుపు దగ్గర, పరాయివాడి విషయంలో, అది పల్చన. మనలో చాలామంది ఏళ్ళ తరబడి ఈ రెండు తలుపుల మధ్య నడవాలో ఉంటాం. అక్కడ కూడా అడగగలిగిన ప్రశ్నలు మూడున్నాయి: ఏ చట్టం కింద? కారణం ఏమిటి? మా మాట ఎవరు వింటారు?

ఇంకొక మాట. ఈ కథలో పేర్లన్నీ కేసు వేసినవాళ్ళవే. ఒక కార్మికుడు, ఒక లాయరు, ఒక చిత్రకారుడు, ఒక విడిభాగాల వ్యాపారి. మనవాళ్ళు లక్షల్లో ఉన్నాం, చదువుకున్నాం, పన్నులు కడుతున్నాం. అయినా కేసులో పేరు ఇవ్వమంటే, వీసాకు ఏమవుతుందోనని వెనక్కి తగ్గుతాం. 2021లో నేనూ తగ్గాను. ఒక లాయరు గారు పిటిషనర్లలో చేరతారా అని అడిగితే ఆలోచించి చెబుతానన్నాను, మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. అది తప్పని ఎవరినీ అనను. కాని అలాంటి కేసులకు ఖర్చు పెట్టడానికి, పేరు ఇచ్చినవాళ్ళ వెనక నిలబడడానికి మన సంఘాలు కొంత నిధి పక్కన పెట్టుకుంటే బాగుంటుందని మనవి. సాంస్కృతిక కార్యక్రమాలకు మనం పెట్టే ఖర్చుతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు.

2022 చివర్లో నాకు గ్రీన్ కార్డు వచ్చింది. మరుసటి నెలలో రాజమండ్రి వెళ్ళాను. అమ్మ నాన్నగారి పెట్టె తెరిచి కాగితాలు చూపించింది. పెన్షను పుస్తకం, ఎల్‌ఐసి రసీదులు, నా బీటెక్ మార్కుల జాబితాలు. వాటి మధ్య ఆయన పాస్‌పోర్టు ఉంది. మా దగ్గరికి వద్దామని తీసుకుని, రాకుండానే ఉండిపోయారు. ఒక్క స్టాంపు కూడా పడని ఆ పాస్‌పోర్టు మొదటి పేజీలో, దారిలో ఆటంకం లేకుండా పోనివ్వమని రాష్ట్రపతి పేరున రాసిన వాక్యం ఉంది. సుబ్బారావు గారి తీర్పు గురించి ఆయనతో మాట్లాడే అవకాశం నాకు దొరకలేదు. అందుకే మీతో చెప్పుకున్నాను.